చేతికి దిక్కులు నేర్పడం ఎలా

మా నాన్న మంగళగిరిలో మగ్గం నేసిన మనిషి. నీటికాసుల వల్ల అరవై ఒకటో ఏట చూపు పూర్తిగా పోయింది. ఆ జబ్బుతో పోయిన చూపు ఇక తిరిగి రాదని డాక్టరు చెప్పిన రోజు సాయంత్రం, ఇంటికి రాగానే మగ్గం గుంటలోకి దిగి కూర్చున్నారు. నాడె కోసం గానీ కండెల బుట్ట కోసం గానీ తడుముకోలేదు. పడుగు మీద అరచెయ్యి ఆనించి మెల్లగా జరుపుతూ ఒకచోట ఆగి, "ఇక్కడ పోగు తెగిందమ్మా" అన్నారు. నేను వంగి చూశాను. తెగే ఉంది. అది కనపడటానికి నాకు కళ్లద్దాలు పెట్టుకోవాల్సి వచ్చింది.

ఆ వారంలోనే ఒక రాత్రి ఆయన బాత్రూమ్‌కి వెళ్లబోయి వసారాలో స్తంభానికి నుదురు కొట్టుకున్నారు. నలభై ఏళ్లుగా ఉంటున్న ఇల్లు! తెగిన పోగుని పట్టుకోగలిగిన చెయ్యికి సొంత ఇల్లు ఎందుకు దొరకలేదా అని చాలా రోజులు ఆలోచించాను.

గుంటలో కూర్చున్నప్పుడు ఆయన ఒళ్లు తిరగదు. కాళ్లు గుంటలో ఉంటాయి, మొహం ఎప్పుడూ ఉత్తరానికే. కాబట్టి కుడి అంటే తూర్పు, ఎడమ అంటే పడమర. లేచి ఒక్కసారి పక్కకి తిరిగారా, ఆ జత విడిపోతుంది. కుడి ఆయనతో పాటు తిరుగుతుంది, తూర్పు ఉన్నచోటే ఉంటుంది. చూపు ఉన్నవాళ్లకి ఈ సర్దుబాటు తెలియకుండానే జరిగిపోతుంది. చేతికి అలా జరగదు. చెయ్యి ఏది తాకినా ఒంటి లెక్కలోనే చెబుతుంది: నాకు ఎంత దూరం, నాకు ఏ పక్క. ఆ లెక్కని ఇంటి లెక్కలోకి మార్చుకోవడం విడిగా నేర్చుకోవాలి. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను కాబట్టి ఇది నేర్పగలిగేదే అనిపించింది. నాలుగు నెలలు పట్టింది. మీ ఇంట్లో చూపు పోయినవాళ్లు, పోతున్నవాళ్లు ఉంటే పనికొస్తుందని మేం చేసింది చేసినట్టు రాస్తున్నాను.

ముందు మీరు కళ్లు మూసుకోండి

నేర్పేవాళ్లకి ఇది స్వయంగా తెలియాలి. మీ నుదుటి మీద వేలితో ఇంగ్లీషు చిన్నబడి 'బి' రాయమని ఇంట్లో ఎవరినైనా అడగండి. చాలామంది దాన్ని 'డి' అని చదువుతారు. అదే అక్షరం తల వెనక రాస్తే 'బి' అనే చదువుతారు. నుదుటి మీద రాసినదాన్ని తల లోపల నిలబడి బయటికి చూస్తున్నట్టు చదువుకుంటాం, అందుకే ఎడమ కుడి తారుమారవుతాయి. రాసినవాళ్ల తప్పేమీ లేదు, చదివినవాళ్ల తప్పూ లేదు. ఎటు నుంచి చూస్తున్నాం అనేది మారింది, అంతే.

బ్రెయిలీ రాసే పిల్లలకి ఈ తారుమారు రోజూ ఉండేదే. పలకలో కాగితం బిగించి, సూదితో వెనక నుంచి పొడుస్తారు. కాబట్టి కుడి నుంచి ఎడమకి, ఒక్కో అక్షరాన్నీ అద్దంలో కనపడేట్టు తిప్పి రాయాలి. కాగితం తీసి తిరగేస్తే చుక్కలు పైకి తేలి ఎడమ నుంచి కుడికి వస్తాయి. మా స్కూల్లో ఆరో తరగతి పిల్ల ఒకతె అలా గబగబా రాస్తుంటే పక్కన కూర్చుని చూశాను. దిక్కుల్ని మనసులో తిప్పుకోవడం సాధనతో వస్తుందన్న నమ్మకం నాకు ఆ పిల్ల వల్లే కుదిరింది.

ఇంకో పరీక్ష ఉంది, ఇదే అన్నిటికన్నా ముఖ్యం. బల్ల మీద మీకు ఎడమ పక్క దూరంగా ఒక స్కేలు, కుడి పక్క దూరంగా ఇంకో స్కేలు పెట్టండి. ఎడమ స్కేలుని కాస్త ఏటవాలుగా ఉంచి కదలకుండా అంటించండి. కళ్లు మూసుకుని, ఎడమచేత్తో దాన్ని తాకి తెలుసుకుంటూ, కుడిచేత్తో రెండోదాన్ని సమాంతరంగా తిప్పండి. సరిగ్గా వచ్చిందనుకున్నాక కళ్లు తెరవండి. కుడి స్కేలు గడియారం ముల్లు తిరిగే వైపుకి పదుల డిగ్రీలు ఒరిగిపోయి ఉంటుంది. నెదర్లాండ్స్‌లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో ఆస్ట్రిడ్ కాపర్స్ అనే శాస్త్రవేత్త, ఆమె తోటివాళ్లు ఏళ్ల తరబడి ఈ పొరపాటునే కొలిచారు. కారణం చెయ్యే. చెయ్యి కుడిపక్కకి చాచినకొద్దీ అరచెయ్యి కూడా అటు తిరుగుతుంది, మనం చాలావరకు ఆ అరచేతి లెక్కలోనే 'సమాంతరం' అనుకుంటాం.

ఇదే వరసలో 2003లో తేలిన సంగతి ఒకటి మాకు బాగా పనికొచ్చింది. ఒక కడ్డీని తాకి, వెంటనే రెండోదాన్ని తిప్పకుండా పది సెకన్లు ఆగితే తప్పు తగ్గుతుంది. ఆ కాస్త వ్యవధిలో మనసు చేతి లెక్కని వదిలి బయటి లెక్క వైపు జరుగుతుందని వాళ్ల వివరణ. మా ఇంట్లో ఇది నియమంగా పెట్టుకున్నాం: తాకాలి, చెయ్యి తియ్యాలి, పది దాకా లెక్కపెట్టాలి, అప్పుడు చెప్పాలి. నాన్న మొదట్లో విసుక్కునేవారు. రెండు వారాలయ్యాక పెదవులు కదుపుతూ తనే లెక్కపెట్టుకోవడం చూశాను.

అట్ట మీద ఇల్లు

మాది తూర్పు వాకిలి. ముందు వసారా. వసారా దాటితే దక్షిణం పక్క మగ్గం గది, ఉత్తరం పక్క పడకగది. మగ్గం గది వెనక వంటిల్లు. పడకగదికి పడమటి గోడలో దొడ్డి తలుపు, దొడ్డిలో వాయవ్య మూల బాత్రూమ్. దీన్నంతా చీరల డబ్బా అట్ట మీదికి తెచ్చాం.

కొలత ఇలా పెట్టుకోండి: ఇంట్లో ఒక అడుగుకి అట్ట మీద ఒక సెంటీమీటరు. నాన్న ఒక అంగ దాదాపు రెండడుగులు ఉంటుంది, అంటే అట్ట మీద రెండు సెంటీమీటర్లు, ఆయన బొటనవేలి వెడల్పు. 'తలుపు దాకా నాలుగు బొటనవేళ్లు' అని అట్ట మీద తెలిస్తే గదిలో నాలుగంగలు అని వెంటనే తెలిసిపోతుంది. అట్ట ఇంతకన్నా పెద్దది చేయకండి. చెయ్యి ఒంటికి దూరంగా, ముందుకి జరిపిన దూరం, పక్కకి జరిపిన అంతే దూరం కన్నా ఎక్కువగా అనిపిస్తుంది. అట్ట పెద్దదైనకొద్దీ ఈ మోసం పెరుగుతుంది. రెండు అరచేతులు పక్కపక్కన పరిస్తే దాదాపు సరిపోయేలా, పొట్టకి దగ్గరగా ఉండాలి.

గోడలకి పురికొస, మైదా జిగురుతో అంటించాం. తలుపు ఉన్నచోట పురికొస తెంపి వేలు పట్టేంత ఖాళీ వదిలాం. మంచానికి మూడు అగ్గిపుల్లలు పక్కపక్కన. పొయ్యికి చింతగింజ. బాత్రూమ్ గచ్చుకి గరుకు కాగితం ముక్క. మగ్గం గుంట దగ్గర మాత్రం ఏమీ అంటించలేదు, అట్టకే చిల్లు పెట్టాం. నాన్న వేలు ఆ చిల్లులో పడగానే నవ్వారు. చూపు పోయాక ఆయన నవ్వడం నేను అప్పుడే చూశాను. మీరు చేసేటప్పుడు కూడా ఆ మనిషికి అన్నిటికన్నా ఇష్టమైన చోటు ముందు పెట్టండి. మిగతా ఇల్లంతా దాన్ని పట్టుకునే గుర్తుంటుంది.

నా మొదటి అట్ట పాడైంది. కుర్చీలు, బిందెలు, బీరువా, స్టూలు అన్నీ అంటించాను. నాన్న ఒకసారి చెయ్యి తిప్పి, "గింజలు ఆరబోసినట్టుందమ్మా, ఇల్లెక్కడుంది?" అన్నారు. బ్రెయిలీ అక్షరంలో చుక్కకీ చుక్కకీ మధ్య దూరం దాదాపు రెండున్నర మిల్లీమీటర్లు, అది బాగా అలవాటైన వేలికి అందే దూరం. నేసి నేసి కాయ కాచిన అరవై ఏళ్ల వేలికి ఇంకా ఎక్కువ కావాలి. ఏ రెండు వస్తువుల మధ్యా వేలికొన పట్టేంత జాగా లేకపోతే అందులో ఒకటి తీసేయండి. కదిలే వస్తువులు అసలు వద్దు.

రెండో తప్పు ఇంకా పెద్దది. పాఠ్యపుస్తకం అలవాటుతో ఉత్తరం పైకి పెట్టి చేశాను. నాన్న వసారాలో తూర్పు మొహంగా కూర్చున్నారు. అట్ట మీద బాత్రూమ్ ఎడమ పక్క పైమూల ఉంది. "ఎటుందో చెయ్యి చాచి చూపించండి నాన్నా" అంటే ఎడమగా ముందుకి, వీధిలో ఎదురింటి వైపు చూపించారు. నాకు ఏడుపొచ్చింది, ఆయనకి ఇక రాదేమో అనుకున్నాను. రాత్రి పడుకున్నాక తట్టింది. ఆయన చెప్పింది సరైనదే. అట్ట తప్పు దిక్కున ఉంది. తెల్లారి అట్టని తిప్పి, తూర్పు ఆయన ఎదురుగా వచ్చేలా పెట్టాను. బాత్రూమ్ ఇప్పుడు ఎడమ పక్క, పొట్ట వైపు మూలకి వచ్చింది. వేలు పెట్టారు, చెయ్యి తీశారు, పది లెక్కపెట్టారు, భుజం మీదుగా వెనక్కి, ఎడమగా చూపించారు. సరిగ్గా వాయవ్యం.

కాబట్టి ఈ ఒక్కటీ మరవకండి. అట్ట ఎప్పుడూ బల్ల మీద పరిచే ఉండాలి, గోడకి తగిలించకూడదు. మనిషి ఎటు తిరిగి కూర్చున్నా, అట్ట మీది తూర్పు ఇంటి తూర్పుకే ఉండాలి. అట్ట మధ్య భాగం బొడ్డుకి ఎదురుగా రావాలి. తల అటూ ఇటూ తిరుగుతుంది, భుజాలు ఒరుగుతాయి. బొడ్డు అలా కాదు, కూర్చున్నాక ఉన్నచోటే ఉంటుంది. అందుకే దిక్కులకి అదే గుర్తు.

అట్ట ఎటు పెట్టిందీ చేతికి తెలియడానికి ఒక మూల ప్రత్యేకంగా ఉండాలి. సిమ్ కార్డుకి కోసినట్టు ఒక మూల కోద్దామని, ఈశాన్యం మూల పట్టుకుని కత్తెర తీశాను. నాన్న చెయ్యి పట్టుకున్నారు. "ఈశాన్యం కోత పడకూడదమ్మా, అట్టయినా సరే." కోయలేదు. ఆ మూల ఒక పూస కుట్టాం. ఆలోచిస్తే అదే మేలైంది. మన ఇళ్లలో పెద్దవాళ్లకి ఈశాన్యం, ఆగ్నేయం, పడమటిల్లు, ఉత్తరపు గోడ అనే మాటలు ముందే ఒంట్లో ఉన్నాయి. ఇంటి లెక్కకి కావాల్సిన పేర్లన్నీ వాటిలోనే ఉన్నాయి, కొత్తగా నేర్పక్కర్లేదు.

పూస కుట్టాక సాధన మొదలైంది. కుర్చీని రోజుకో వైపు తిప్పేదాన్ని. ఆయన అట్ట చేతిలోకి తీసుకుని, పూస సరైనచోటికి వచ్చేదాకా తనే తిప్పుకోవాలి. ఉత్తరానికి మొహం ఉంటే పూస కుడి పక్క పైన, పడమరకి ఉంటే కుడి పక్క కింద, దక్షిణానికి ఉంటే ఎడమ పక్క కింద, తూర్పుకి ఉంటే ఎడమ పక్క పైన. తిప్పాక ఎడమ చూపుడువేలు వాకిలి దగ్గర కదలకుండా ఉంచాలి, కుడిచెయ్యి మాత్రమే 'నడవాలి'. రెండు చేతులూ కదిలిస్తే మొత్తం జారిపోతుంది. ప్రతి రోజూ చివర్లో అట్ట తీసేసి ఒకే ప్రశ్న అడిగేదాన్ని: ఫలానాది ఎటు, చెయ్యి చాచి చూపించండి. నోటితో చెప్పిన 'కుడి', 'ఎడమ' పొరపాటు పడతాయి. చాచిన చెయ్యి అసలు సంగతి చెప్పేస్తుంది.

గదిలోకి

అట్ట మీద మూడు వారాలయ్యాక గదిలోకి వెళ్లాం. మొదటి పాఠం నిలబడటం. తలుపు మూసి దానికి వీపు, మడమలు పూర్తిగా ఆనించి నిలబడాలి. అప్పుడు బొడ్డు ఎదుటి గోడకి సూటిగా చూస్తుంది. కాస్త ఒరిగి బయల్దేరినా నాలుగంగల్లోనే పక్కకి పోతారు. తర్వాత గోడ పట్టుకుని గది చుట్టూ ఒక ప్రదక్షిణ. అరచేత్తో కాదు. ఉంగరపు వేలు, చిటికెనవేలు కాస్త ముడిచి, వాటి వెనకభాగం గోడకి తగిలేలా, చెయ్యి నడుము ఎత్తున ఒంటికి కొంచెం ముందు ఉండాలి. అరచెయ్యి తెరిచి తడిమితే వేళ్లు తలుపు సందులో, మేకులకి ఇరుక్కుంటాయి. చుట్టూ తిరగడం వచ్చాకే మధ్యలోంచి అడ్డంగా నడవనివ్వండి.

పాదాలు మర్చిపోకండి, అవీ స్పర్శే. మా పడకగదిలో నాపరాళ్ల వరసలు తూర్పు నుంచి పడమరకి ఉన్నాయి. నాన్న ఇంట్లో చెప్పులు మానేశారు, రాళ్ల మధ్య అతుకు గీతని పాదంతో పట్టుకుని నడుస్తారు. గడప పాదానికి తగలగానే ఒక్క క్షణం ఆగుతారు. వసారాలో ఉదయం ఎండ ఆయన కొలబద్ద: కుడి చెంప వెచ్చగా ఉంటే ఉత్తరానికి తిరిగి ఉన్నట్టు, ఎడమ చెంప వెచ్చగా ఉంటే దక్షిణానికి.

ఆ మొదటి రాత్రి స్తంభానికి ఎందుకు కొట్టుకున్నారో అట్ట చేశాకే అర్థమైంది. మంచం ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది. రోజూ పడమటి పక్క దిగితే ఎదురుగా నాలుగంగల్లో దొడ్డి తలుపు. ఆ రాత్రి నిద్రలో అటు పొర్లి తూర్పు పక్క దిగారు. అంగలు సరిగ్గానే లెక్కపెట్టుకుని వసారాలోకి నడిచారు. ఇప్పుడు మంచం పడమటి పట్టెకి, చెయ్యి సహజంగా పడేచోట పురికొస నాలుగు చుట్లు చుట్టి ముడి వేశాం. ముడి తగిలితే ఇటు పడమర. తగలకపోతే దిగకూడదు. ఇంత చిన్న పని ముందే చేసి ఉంటే ఆ నుదుటి మీద కుట్లు పడేవి కావు. మీరు ఈ రోజే చేయండి.

ఇంట్లో వాళ్ల మాట కూడా మారాలి. 'ఇదిగో', 'అదిగో', 'అక్కడ', 'ఇటు' అనేవి చూపు ఉన్నవాళ్ల మాటలు. 'మంచినీళ్లు అక్కడ పెట్టాను' అంటే ఆయనకి ఏమీ చెప్పనట్టే. 'మంచానికి దక్షిణం పక్క స్టూలు మీద' అనాలి. వచ్చిన చుట్టాలు ప్రేమతోనే భుజాలు పట్టుకుని తిప్పి కుర్చీలో కూర్చోబెడతారు. దయచేసి అలా తిప్పకండి. ఎన్ని డిగ్రీలు తిరిగారో ఆయనకి తెలియదు, అంతదాకా పట్టుకున్న దిక్కు ఆ ఒక్క క్షణంలో పోతుంది. మీ మోచేతి పైభాగం ఆయన్ని పట్టుకోనిచ్చి, మీరు అర అంగ ముందు నడవండి. మీరు తిరిగితే ఆ తిరగడం ఆయన చేతికే తెలుస్తుంది.

కంచం సంగతి తేలిగ్గానే తేలింది. గడియారం అంకెలతో చెప్పాలని చాలాచోట్ల నేర్పుతారు. నాన్నకి అరిటాకు తెలుసు: కొస ఎడమకి, మొదలు కుడికి. మా ఇంట్లో వడ్డించే వరసే కంచంలోనూ పెడుతున్నాం.

వీధిలోకి

కర్ర సంగతి శిక్షణ ఇచ్చేవాళ్ల దగ్గరే నేర్చుకోవాలి, నేను చెప్పేది కొంతే. ఇప్పుడు అందరూ వాడే పొడుగు కర్ర పద్ధతి రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో అమెరికాలో పెన్సిల్వేనియాలోని సైనిక ఆసుపత్రిలో, చూపు కోల్పోయిన సైనికుల కోసం రిచర్డ్ హూవర్ రూపొందించింది. నాకు అందులో ఆశ్చర్యమనిపించింది ఒకటే: కర్ర పట్టిన చెయ్యి పక్కన కాదు, ఒంటి నడిమి గీత మీద, బొడ్డుకి ఎదురుగా ఉండాలి. చూపుడువేలు కర్ర వెంట చాచి ఉంటుంది. కుడికాలు ముందుకి పడేటప్పుడు కర్ర కొస ఎడమ పక్క నేలని తాకుతుంది, ఎడమకాలు పడేటప్పుడు కుడి పక్క. అట్ట దగ్గర బొడ్డుని నమ్ముకున్న నాన్నకి ఇది ఒక్కరోజులో పట్టుబడింది.

స్టేషన్‌లలో పసుపు పలకలు చూసే ఉంటారు. జపాన్‌లో సేయిచీ మియాకే 1965లో కనిపెట్టారు, 1967లో ఒకాయామాలో అంధుల పాఠశాల దగ్గర మొదటిసారి పరిచారు. పొడవు గీతలుంటే గీతల వెంట సాగిపోవచ్చు, చుక్కలుంటే ఆగాలి. పాదంతో ఈ రెండింటి తేడా పట్టుకోవడం వసారాలోనే సాధన చేయించండి, ఒక పాత పలక దొరికితే చాలు. కానీ పూర్తిగా నమ్మకండి. ఒక ఊళ్లో గీతల పలకలు తిన్నగా కరెంటు స్తంభంలోకి వెళ్లి ఆగిపోయాయి. అది వేసినవాళ్లు ఒక్కసారి కళ్లు మూసుకుని దాని మీద నడిచి ఉంటే బాగుండేదని ఇప్పటికీ కోపంగా ఉంటుంది.

మొన్న సంక్రాంతికి సున్నం వేయించాం. మంచం, బీరువా అన్నీ వసారాలోకి వచ్చాయి. తిరిగి సర్దేటప్పుడు మంచాన్ని ఉత్తరపు గోడకి జరుపుదామని నేనంటే, నాన్న అట్ట తెమ్మన్నారు. పాత అగ్గిపుల్లలు గోటితో ఊడదీసి, కొత్తచోట పెట్టి, ఎడమ వేలు తలుపు దగ్గర ఆనించి, కుడి బొటనవేలితో కొలిచారు. చేతులు ఒళ్లో పెట్టుకుని పది లెక్కపెట్టారు. "అయిదంగలవుతుంది, కాస్త ఏటవాలు కూడా. వద్దు, ఉన్నచోటే ఉంచు" అన్నారు. మీరు కూడా ఏదైనా జరపాలనుకుంటే ముందు అట్ట మీద జరపనివ్వండి. జిగురు ఆరడానికి ఒక రోజు పడుతుంది, అప్పటిదాకా గదిలో వస్తువు కదపకండి.